పదమూడో శాలువా

ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది. నువ్వు చేత్తో పట్టుకుని ఇదెవరిది నానమ్మా అంటున్నావే, ఆ నీలం శాలువా సంగతి చెప్పాలంటే అక్కణ్ణించే మొదలుపెట్టాలి. ఇటు తే, నా ఒళ్ళో పెట్టు. పెట్టె మూత తీసే ఉంచు, కలరా ఉండల వాసన కాస్త పోనీ. గంటా నిమిషంతో సహా ఎలా గుర్తుందంటావేమో, అది నా జ్ఞాపకం కాదు, మా మావయ్యగారిది. అదే, మీ ముత్తాతగారు. ఆయన నడుం పడిపోయి నాలుగేళ్ళు మంచం మీదే ఉన్నారు. మంచానికి ఎదురుగా గోడ గడియారం. కదల్లేని మనిషికి కదిలేది అదొక్కటే కదా, దాన్నే చూస్తూ ఉండేవారు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు, పాలు ఎన్నింటికి పొంగాయి, అన్నీ ఆయన దగ్గరే. ఆ రోజు నాలుగూ పదికి ఈ ఇంట్లో ఏం జరిగిందో చూసింది ఆయనొక్కరే. మేమెవ్వరం లేము. మేం ఎక్కడున్నామంటే, అది చెప్పాలంటే మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. నీకు తొందరేం లేదుగా? కూర్చో అయితే. ఆ పీట మీద కాదు, దాని కాలు ఊగుతుంది.

మన ఊరు అప్పట్లో ఎనభై గడపలు. సంఘాలు మాత్రం తొమ్మిది. నవ్వకు, నిజంగానే తొమ్మిది. ఎందుకంటే మన ఊళ్ళో ఎవరికన్నా కోపం వస్తే మాటలు మానేసేవాళ్ళు కాదు, వేరే సంఘం పెట్టేవాళ్ళు. చదరంగం సంఘంలో అలిగి లేచొచ్చిన వాళ్ళదే క్యారమ్స్ సంఘం. పుస్తకాల సంఘంలో నలభై పుస్తకాలు, నలుగురు మనుషులు. ఆ నలుగురూ ఆ నలభై పుస్తకాలూ అరగదీసి, చివరికి చదవడం మానేసి వాటికి కొత్త అట్టలు వేసే పనిలో పడ్డారు. నిప్పార్పే సంఘానికి చేత్తో కొట్టే ఇత్తడి పంపు ఒకటుండేది. ప్రతి ఆదివారం బూడిదేసి తళతళా తోమేవాళ్ళు. నేను కాపురానికి వచ్చాక ఊళ్ళో నిప్పంటుకున్నది ఒక్కసారే, అదీ ఆ పంపు పెట్టుకున్న పాకకే. మన పోస్టాయన నాలుగు సంఘాలకి అధ్యక్షుడు. ఇంటికి ఉత్తరం తెచ్చినా సభ మొదలుపెట్టినట్టు గొంతు సవరించుకుని, ఒక అడుగు వెనక్కి వేసి ఇచ్చేవాడు. నేను ప్రార్థన సంఘంలో ఉండేదాన్ని, మంగళవారం పొద్దున. ఆ దేవుడి దయవల్ల అందులో ఎప్పుడూ చీలికలు రాలేదు, ఉన్నదే ఆరుగురం కాబట్టేమో. ఇక ఊరంతా ఒప్పుకున్న సంఘం ఒకటే, పాటల సంఘం. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరు పోయినా, బడికి కొత్త గది కట్టినా, ముందు వాళ్ళకే కబురు. మేం పదముగ్గురం. మీ తాతయ్య, నేను, మీ తాతయ్య అక్క, ఇంకా తక్కినవాళ్ళు, మాకు నేర్పడానికి ఒక మాస్టారు.

ఆ అక్కదే ఈ శాలువా. మీ నాన్నకి మేనత్త. మీ నాన్న అప్పటికింకా పుట్టలేదులే. నేను వదినా అని పిలిచేదాన్ని, ఊరంతా గుండీలమ్మ అనేవాళ్ళు. పెళ్ళైన ఏడాదికే ఆయన పోతే పుట్టింటికి వచ్చేసింది. పట్నంలో దర్జీలు చొక్కాలు కుట్టి, కట్టలు కట్టి బుధవారం వ్యానులో పంపేవాళ్ళు. వాటికి కాజాలు కుట్టి గుండీలు వెయ్యడం ఆవిడ పని. మిషను లేదు, చేత్తోనే. ఇప్పుడు మనం కూర్చున్న ఈ ముందు గదిలో, ఆ కిటికీ కింద చాప. పొట్టి మనిషి, గట్టి మనిషి. మాట తక్కువ. కోపం వస్తే గుండీల డబ్బా ఒక్కసారి గలగలలాడించి పక్కన పెట్టేది, అంతే, మాకందరికీ అర్థమైపోయేది. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకునేటప్పుడు మాత్రం ఎవరూ పలకరించకూడదు. మావయ్యగారు కూడా దగ్గు ఆపుకునేవారు. ఎందుకంటే ఆవిడ ముక్కుతో ఇంత పొడుగున ఊపిరి లోపలికి తీసి, పట్టి, చెయ్యి కదలకుండా దారం దూర్చి, అప్పుడు వదిలేది. రోజుకి అరవై డెబ్భైసార్లు. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ చప్పుడు విని, ఈవిడకి ఉబ్బసమేమో పాపం అనుకుని మిరియాలు నూరి పట్టుకెళ్ళాను. తాగేసింది. వద్దనలేదు, ఎందుకనీ అడగలేదు. నెల్లాళ్ళు తాగాక అంది, "అమ్మాయ్, నాకేం జబ్బు లేదు, సూదికే బెజ్జం చిన్నది" అని.

మరి పాటల సంఘంలోకి ఎలా వచ్చిందంటే, అందరిలాగే వచ్చింది. బడిలో లెక్కలు చెప్పి పని మానుకున్న మాస్టారు ఇంటింటికీ తిరిగి పిలిచాడు. వచ్చింది. మొదటి నెల పాడింది కూడా. అయ్యో తల్లీ, ఉన్న మాట చెప్పాలి కదా, ఆవిడ గొంతు మంచిది కాదు. బావి గోడకి ఇనప బకెట్టు గీరుకుంటూ పైకి వస్తే ఎలా ఉంటుంది, అలా. పైగా పాట ఒక దారిన వెళ్తుంటే ఆవిడ ఇంకో దారిన వెళ్ళేది, ఎంతో నమ్మకంగా వెళ్ళేది. మాతో పాడే కమ్మరి కొలిమాయనా, మిల్లావిడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. మాస్టారు ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. ఒకరోజు అందరూ వెళ్ళాక ఆవిణ్ణి ఆపి, "అమ్మా, నీకు పదాలన్నీ ఎంత చక్కగా వస్తాయో, నువ్వు పెదాలు కదుపు చాలు, చూసేవాళ్ళకి నిండుగా ఉంటుంది" అన్నాడట. ఇంటికొచ్చి మాతో ఏమందో తెలుసా, "మాస్టారు నాకు సులువు పని ఇచ్చారు" అంది. డబ్బా గలగలలాడించలేదు. నేను చూశాను, డబ్బా వైపు చెయ్యి కూడా పోలేదు.

అలా పద్నాలుగేళ్ళు. ఇంకొకళ్ళయితే మర్నాడే మానేసి పెదాల సంఘమని ఒకటి పెట్టేవాళ్ళు. ఈవిడ మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఐదింటికి అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరిచేది. కొత్త పాట వస్తే అందరికంటే ముందు ఆవిడకే నోటికి వచ్చేది. మనిషికొక శాలువా ఉండాలి, అందరం ఒక్కలా కనపడాలి అని పదమూడు నీలం శాలువాలకి అంచులు తనే కుట్టింది, జారిపోకుండా భుజం దగ్గర ఇదిగో ఈ తెల్లగుండీ పెట్టింది. ఒంట్లో జ్వరం ఉన్నా వచ్చేది. మిల్లావిడకి ఇదంతా వింతగా ఉండేది. పిండిమిల్లు వాళ్ళావిడ, సంఘంలో పైగొంతు ఆమెదే, ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. మధ్యలో గొంతులు ఆరకుండా వేడినీళ్ళ ఫ్లాస్కు తిప్పేవాళ్ళం. వదిన దగ్గరికి రాగానే, "పెదాలకి వేడినీళ్ళెందుకు గుండీలమ్మా, మాకు మిగల్చరాదూ" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను, ఒకట్రెండుసార్లు. వదిన ఒక గుక్క తాగి, మూత తుడిచి, పక్కకి అందించేది.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి, ఇది విను. మేం పాడుకునే చోటు పాత ధాన్యం గోదాము. గోనెసంచుల వాసన, పైన దూలానికి తూకం వేసే ఇనప కొక్కెం. మొత్తానికి ఒకటే కిటికీ, పడమటి వైపు. మాస్టారు ఆ కిటికీ ముందు నిలబడి ఎర్ర పెన్సిలు ఊపేవాడు, మేం ఆయనకి ఎదురుగా రెండు వరసలు. సాయంత్రం ఐదింటికి పడమటి కిటికీలోంచి ఎండ ఎలా పడుతుందో నీకు తెలుసుగా. మాకు మాస్టారు ఒక నల్లటి మచ్చలాగా కనపడేవాడు, పెన్సిలు అసలు కనపడేదే కాదు. కళ్ళలో నీళ్ళు కారుతుంటే తలొంచుకుని నిలబడేవాళ్ళం, ఆ అలవాటుకి పెళ్ళిళ్ళలో పాడినా తలెత్తేవాళ్ళం కాదు. మరి ఆయన్ని ఇటు రమ్మని ఎవరూ ఎందుకు చెప్పలేదంటే, ఏమో. మొదట్లో ఎవరూ చెప్పలేదు, తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. పద్నాలుగేళ్ళ తర్వాత మీ పెన్సిలు మాకు కనపడదు మాస్టారూ అని ఎలా అంటాం? కానీ పాట మాత్రం టక్కున మొదలయ్యేది, పదముగ్గురూ ఒక్క మనిషిలా, కత్తెరతో గుడ్డ కోసినట్టు. పక్కూళ్ళ వాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. మాస్టారు పొంగిపోయి ఆ పెన్సిలు కళ్ళజోడు తుడుచుకున్నట్టు బట్టతో తుడుచుకుని జేబులో పెట్టుకునేవాడు.

ఆ ఏడు జనవరిలో పోస్టాయన ఒక ఉత్తరం తెచ్చాడు. అడుగు వెనక్కి వేసి మరీ ఇచ్చాడు. పట్నంలో చుట్టుపక్కల ఊళ్ళ పాటల సంఘాలకి పోటీ, ఫిబ్రవరి పంతొమ్మిదిన. సంఘానికి పన్నెండుమందికి మించకూడదు. ఉత్తరం గోదాములో చదివారు. ఎవరూ ఎవర్నీ చూడలేదు. పన్నెండు అనగానే అందరికీ ఒకటే తట్టింది. వదిన అప్పుడు చాపలు చుడుతోంది, విందో లేదో తెలీదు. ఆవిడ ఇంటికి బయల్దేరాక మాస్టారు నెమ్మదిగా అన్నాడు, "చెప్పేదెవరు" అని. మిల్లావిడ, "ఇంట్లోవాళ్ళే చెప్తే బావుంటుంది, బయటివాళ్ళం చెప్తే బాధపడుతుంది" అంది. అందరూ నా వైపు చూశారు. మీ తాతయ్య చెప్పుల్లో కాలు దూర్చుకుంటూ ఉండిపోయాడు, ఆ చెప్పు ఎంతకీ తొడుక్కోవడం అవ్వలేదు. సరే నేనే చెప్తానన్నాను. పాడకుండా ఉండే మనిషి రాకపోతే పాటకేం పోతుంది అనుకున్నాను. ఒక మాట ఒప్పుకోవాలి తల్లీ, నాకు పోటీకి వెళ్ళాలని ఉంది. నా గొంతు అప్పుడు బావుండేది. ఆ ఆశ కూడా ఉంది అందులో.

ఇంటికొచ్చి, ఆవిడ చొక్కాలు మడత పెడుతుంటే పక్కన కూర్చుని నేనూ రెండు మడత పెట్టి, అప్పుడు చెప్పాను. "వదినా, పన్నెండుమందే అన్నారు" అన్నాను. అంతే, మిగతాది నోట్లోంచి రాలేదు. ఆవిడ ఇంకో చొక్కా తీసుకుని, కాలరు సరిచేసి, "నాన్న దగ్గర ఎవరో ఒకళ్ళు ఉండాలిగా, నేనుంటాను" అంది. అలా నాకా మాట అనే పని కూడా లేకుండా చేసింది. ముందురోజు శాలువాలన్నీ ఇంటికి తెప్పించి ఇస్త్రీ చేసింది. పోటీ రోజు పొద్దున్నే పోస్టాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన అధ్యక్షుడు కదా, మడత ఇంకాస్త పదునుగా ఉండాలని ఇంట్లో మళ్ళీ ఇస్త్రీ పెట్టి, నడిమధ్యలో కాల్చేశాడు. మొహం చూడాలి. వదిన ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళి తన శాలువా తెచ్చి ఆయన భుజం మీద వేసి గుండీ పెట్టింది. పొట్టిమనిషి కొలతలు, ఆయనకి మోచేతుల దాకానే వచ్చింది. అలా పట్నానికి ఆవిడ శాలువా వెళ్ళింది, ఆవిడ వెళ్ళలేదు.

అక్కడ పెద్ద వేదిక. దీపాలు పైనుంచి పడుతున్నాయి, మెత్తగా, కళ్ళకి హాయిగా. పన్నెండుమందిమి రెండు వరసల్లో నిలబడ్డాం. మధ్యలో ఒకరు పట్టే ఖాళీ ఉండిపోయింది, దగ్గరికి జరగాలని ఎవరికీ తోచలేదు. మాస్టారు మా ముందుకొచ్చి పెన్సిలు ఎత్తాడు. అప్పుడు, పద్నాలుగేళ్ళలో మొదటిసారి, మాకందరికీ ఆ పెన్సిలు కనపడింది. ఎర్రగా, కొసన చిన్న రబ్బరుతో. దాన్నే చూస్తూ నిలబడ్డాం. అది పైకి వెళ్ళింది, కిందకి వచ్చింది. పైకి వెళ్ళినప్పుడు మొదలుపెట్టాలా, కిందకి వచ్చినప్పుడు మొదలుపెట్టాలా? ఎవరికీ తెలీదు. కొలిమాయన కిందకి వచ్చినప్పుడు అందుకున్నాడు. మిల్లావిడ ఆయన వెనకాల అందుకుంది. మీ తాతయ్య ఇద్దర్నీ విని మధ్యలో దూరాడు. నేను నోరు తెరిచి ఎక్కడ ఎక్కాలో తెలీక అలాగే ఉండిపోయాను. మాస్టారు ఆపి మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ అదే. మూడోసారి అసలు ఎవ్వరం మొదలే పెట్టలేదు. పదముగ్గురి గుండె చప్పుడూ వినపడేంత నిశ్శబ్దం. పదముగ్గురేంటి, పన్నెండుమంది. చూశావా, ఇప్పటికీ నోటికి అలాగే వస్తుంది. బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి చాలా మర్యాదగా, "ఫరవాలేదండీ, తర్వాతి వాళ్ళని రానివ్వండి" అన్నాడు.

తిరుగు బస్సులో మిల్లావిడ కొలిమాయన్ని అంది, "ఇనుము కొట్టినట్టు ముందే మొదలెట్టావు." ఆయన అన్నాడు, "నీ గొంతు పైకెక్కేసరికి నా కొలిమి ఆరిపోతుంది." పోస్టాయన మాత్రం మోచేతుల దాకా ఉన్న శాలువా కప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొస్తే వదిన తలుపు తీసింది. ఎలా జరిగిందని అడగలేదు, మా మొహాలే చెప్పి ఉంటాయి. వేడినీళ్ళు తోడి పెట్టింది. మంగళవారం గోదాముకి వెళ్ళాం. ఆవిణ్ణి రమ్మని ఎవరూ అనలేదు, ఆవిడా బయల్దేరలేదు. చాపలు ఎవరు పరచాలో తెలీక వట్టి నేల మీదే నిలబడి పాడాం. కుదరలేదు. శుక్రవారం కుదరలేదు. ఆ తర్వాతి వారమూ కుదరలేదు. ఎప్పటి ఎండే, ఎప్పటి కిటికీయే, పాటే మొదలవదు. ఒకసారి మొదలైతే బాగానే నడుస్తుంది, ఆ మొదలే రాదు. సంఘం ఇక మూసేద్దామని మాస్టారు అన్నాడు. తనకి చేతకాక ఇలా అయిందని ఆయన అనుకున్నాడు, తన గొంతుకి దిష్టి తగిలిందని మిల్లావిడ అనుకుంది. నేను ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను, స్వామీ, మా వల్ల ఎక్కడ తప్పు జరిగిందో చూపించు అని. చూపించాడు. కాకపోతే ఆయన చూపించేది ఎప్పుడూ మనం చూడని వైపు ఉంటుంది.

అలా ఉండగా ఒక గురువారం. సాయంత్రం అయిదున్నర అవుతుంది. నేను ఆ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. మీ తాతయ్య గుమ్మానికి అవతలే పెరట్లో సైకిలు ట్యూబుకి పంక్చరు వేసుకుంటున్నాడు. వదిన ఇక్కడ, ఈ కిటికీ కింద. ఇంట్లో ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు. వదిన సూదీ దారం ఎత్తింది. నేను చూడలేదు, నాకు వీపు వైపు. ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు ఒక్కటే వినపడింది, పొడుగ్గా, నిదానంగా. నా చేతిలో కత్తి ఆగింది. నాకు తెలీకుండానే నా గుండెలు ఊపిరితో నిండాయి. ఆవిడ ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ నా నోట్లోంచి మా సంఘంలో పాడే వాన పాట మొదటి పదం బయటికొచ్చింది. అదే క్షణాన, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, పెరట్లోంచి మీ తాతయ్య గొంతు అదే పదం అందుకుంది. ఇద్దరం ఒక లైను మొత్తం పాడేసి, భయపడ్డట్టు ఆగిపోయాం.

మీ తాతయ్య నల్లటి చేతులతో లోపలికొచ్చాడు. "ఏమే, నువ్వు మొదలుపెట్టావా?" అన్నాడు. "లేదండీ, మీరేగా" అన్నాను. "నేనెందుకు మొదలెడతాను, నా నోట్లో స్క్రూ ఉంది" అన్నాడు, నిజంగానే చేత్తో తీసి చూపించాడు. ఇద్దరం ఒకేసారి వదిన వైపు తిరిగాం. ఆవిడ సూదిలోంచి దారం లాగి ముడి వేసుకుంటూ, తల ఎత్తకుండా, "దారం ఎక్కింది" అంది. అంతే. అప్పుడు మంచం మీంచి మావయ్యగారు మాట్లాడారు. "చెప్పేస్తానే అమ్మాయ్" అని కూతురితో అన్నారు. "వద్దు నాన్నా" అంది. "వద్దంటే ఎలా, నేనెన్నాళ్ళుంటాను" అని మాతో చెప్పారు. "మీరు పట్నం వెళ్ళిన రోజు ఇది నన్ను రెండుసార్లు టైమెంతని అడిగింది. మీ వంతు నాలుగూ పదికని దీనికి పోస్టాయన చెప్పాడట. సరిగ్గా నాలుగూ పదికి చొక్కా కింద పెట్టి లేచి నిలబడింది. రెండు చేతులూ ఇలా పక్కన పెట్టుకుని, గోడకేసి చూస్తూ, ఊపిరి తీసింది. పట్టింది. పెదాలు కదిపింది. పాట ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడి, తర్వాత కూర్చుంది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను, మూడున్నర నిమిషాలు" అన్నారు.

మీ తాతయ్య అక్కడే నేల మీద కూలబడ్డాడు. "అక్కా, నీకు తెలుసా ఇది?" అన్నాడు. ఆవిడ కాసేపు కాజా అంచు కుట్టుకుంది. తర్వాత అంది, "నాకోసారి ఎక్కిళ్ళు వచ్చాయి, గుర్తుందా?" అని. గుర్తుంది. రెండో ఏడు ఎవరి పెళ్ళిలోనో, పాట మూడుసార్లు తప్పుగా మొదలై, మూడుసార్లూ కొలిమాయన్నే తిట్టారు. ఆయన వారం రోజులు సంఘానికి రాలేదు. "ఆ రోజు తెలిసింది నాకు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా మీరంతా ఎగిరిపడేవాళ్ళు" అంది. "మరి చెప్పలేదేం వదినా" అన్నాను. "ఏమని చెప్పనే, నా ఊపిరితో మీరు పాడుతున్నారనా? మిల్లావిడ నవ్వి చచ్చిపోదూ. అయినా తెలిస్తే మీరు నన్నే చూస్తూ నిలబడతారు, నేను బిగుసుకుపోతాను, దాంతో అదీ పోతుంది. అందుకే జ్వరమొచ్చినా వచ్చేదాన్ని" అంది. నేను ఉల్లిపాయల చెయ్యి అలాగే పెట్టుకుని ఆవిడ పాదాల దగ్గర కూర్చున్నాను. తప్పయింది వదినా, అన్నాను. అంతకన్నా ఏం అనాలో నాకు తెలీలేదు. "నువ్వు చెప్పావు కాబట్టి విన్నాను, ఇంకెవరన్నా చెప్తే డబ్బా వాళ్ళ నెత్తిన బోర్లించేదాన్ని" అంది. అని నవ్వింది. నేను ఏడ్చాను, ఉల్లిపాయలనే చెప్పుకోవచ్చులే.

రేపు శుక్రవారం, మాతో గోదాముకి రావాలక్కా అని మీ తాతయ్య అడిగాడు. వస్తానంది. మాస్టారికి ఒక్కడికీ చెప్పండి, ఆయన తప్పు కాదని ఆయనకి తెలియాలి, ఇంకెవరికీ వద్దు అంది. అలాగే చేశాం. ఆ తర్వాత పదకొండేళ్ళు ఆవిడ బతికినన్నాళ్ళూ సంఘం నడిచింది. మాస్టారు పెన్సిలు ఊపడం మాత్రం మానలేదు, ఊపుతూ ఓరగా ఆవిడ భుజాల వంక చూసుకునేవాడు. మిల్లావిడకి చివరిదాకా తెలీదు. కానీ ఆ శుక్రవారం వదిన చాపలు పరుస్తుంటే, ఏమనుకుందో ఏమో, ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి ముందు ఆవిడకే ఇచ్చింది. వదిన పోయాక ఏమైందా? రెండు మూడుసార్లు కలిశాం. తర్వాత గోదాములో మా మంగళ, శుక్రవారాలు క్యారమ్స్ వాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు అందులో ఎరువుల బస్తాలు పెడుతున్నారు.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ గురువారం అన్నం తినేటప్పుడు వదిన కంచం ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది, నాకొక సాయం చెయ్యండి అంది. మేం ముగ్గురం చెయ్యి ఆపేశాం. "పద్నాలుగేళ్ళ పాటలు లోపలే ఉన్నాయి. ఒక్కటి గొంతుతో పాడాలని ఉంది. గోదాములో కాదు, ఇక్కడే, మీ ముగ్గురి ముందే. ఎన్నోసార్లు అనుకున్నాను, మీరు లేనప్పుడు ఒక్కదాన్నే నిలబడి చూశాను. రాదు. ఊపిరి తీసి ఆగిపోవడం అలవాటైపోయింది, మొదలుపెట్టడం నా వల్ల కావటం లేదు" అంది. చాలా మామూలుగా అంది, పులుసులో ఉప్పు తగ్గిందన్నట్టు. పోటీ రోజు నాలుగూ పదికి కూడా అదే అయిందట. ఇంట్లో ఎవరూ లేరు, నాన్నొక్కడే, ఈసారన్నా పాడేద్దామనుకుందట. పెదాలే కదిలాయి.

మర్నాడు పొద్దున్నే లేచాం. ఇంకా పాలు రాలేదు. నేను దణ్ణం పెట్టుకుని వచ్చాను. మీ తాతయ్య మావయ్యగారిని లేపి, వెనక రెండు దిళ్ళు పెట్టి కూర్చోబెట్టాడు. వీధి వైపు కిటికీ రెక్కలు తనే మూసేశాడు. వదిన ఈ శాలువా కప్పుకుని, గుండీ పెట్టుకుని, ఇదిగో ఇక్కడ, ఈ గోడ దగ్గర నిలబడింది. చేతులు రెండూ పక్కన. నేను వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను, భుజానికి భుజం ఆనేలా. ఎవరూ నవ్వొద్దు అంది. ఎవరూ నవ్వంలే అన్నారు మావయ్యగారు. అప్పుడు ఆవిడ బదులు నేను ఊపిరి తీసుకున్నాను. ముక్కుతో, పొడుగ్గా, ఆవిడ సూదికి తీసుకున్నట్టే, ఎంత పడుతుందో అంత. పట్టాను.

పాడింది.

ఈ గుండీ చూడు, దారం ఒక్క పోగు మీద వేలాడుతోంది. ఆ అలమరలో డబ్బా ఉంటుంది, సూదీ దారం ఇలా అందుకో. వెలుతురు తగ్గక ముందే వేసేస్తాను.